మొదటి బేసు దగ్గర ఇసుక

మా ఊరు ఫెర్రీ బ్లఫ్‌కు ఒకవైపు నది, మిగిలిన మూడువైపులా మొక్కజొన్న చేలు; నడుమ హెరన్స్ జట్టు బేస్‌బాల్ మైదానం. పెద్ద నగరాల జట్లలోకి ఎదగాలని కలగనే కుర్రాళ్లు జీతానికి ఆడుతూ, ఒకటి రెండు వేసవులు మా మధ్య గడిపి వెళ్లిపోయేవారు. వారిలో ఎవరి పేరూ ఊరికి చిరకాలం గుర్తుండదు. గుర్తుండిపోయినది మైదానాన్ని సాకిన మిలో హ్రూష్కా పేరే. అతడు మా పక్కింటివాడు, మితభాషి, మట్టిని చూసినంత శ్రద్ధగా మనుషులను చూడడని అతని భార్య ఐరీన్ బతికుండగా నాతో మొరపెట్టుకునేది.

పోయిన వేసవిలో జట్టుకు వజ్రోత్సవం జరిగింది. పాత సీజన్లలో మరపురాని ఘట్టమేదో ఊరివారినే ఎన్నుకోమన్నారు. నది మీది పొగమంచు మైదానాన్ని కమ్మేసిన రోజున, కంటికి ఆనని బంతిని చప్పుడును బట్టి పట్టుకున్న ఫీల్డరును కొందరు తలచుకున్నారు. తన పెళ్లి విందు మధ్యలో లేచివచ్చి బంతి విసిరి గెలిపించి, తిరిగి వెళ్లేసరికి కేకు అయిపోయిందని అలిగిన ఎడమచేతివాటం వాడిని మరికొందరు తలచుకున్నారు. నా ఓటు పొగమంచుకే. వినికిడి మీద నమ్మకం పెట్టుకున్నవారంటే పాఠం చెప్పి బతికినవారికి సహజంగానే గౌరవం. అయితే అందరూ ఊహించినట్లే, ఛాంపియన్‌షిప్ నాటి చివరి ఔట్ మొదటి స్థానంలో నిలిచింది.

ఆనాడు మావాళ్లు ఒక్క పరుగు ఆధిక్యంలో ఉన్నారు. ప్రత్యర్థుల ఆశంతా పరుగులో తొలి మజిలీ అయిన మొదటి బేసు దగ్గర నిలబడిన కర్టిస్ మేబెరీ మీదే. బంతి విసిరేవాడు చూపు మరల్చిన క్షణంలో పరుగెత్తి రెండో బేసును దొంగిలించడంలో ఆ లీగులో అతనికి సాటి లేదు. అతడు బయలుదేరాడు. మొదటి అడుగులోనే కాలు జారింది, మోకాలు మెలిపడింది. లేవబోతున్నవాడిని మావాడు బంతితో తాకి ఔట్ చేశాడు; ఆట మాదైంది. ఊరంతా కంచె దూకి మైదానంలోకి వచ్చిపడింది. ఆ సంబరంలో స్ట్రెచర్‌కు దారి దొరకడానికి చాలా సేపు పట్టింది. మేబెరీ మళ్లీ ఆడలేదు. మర్నాడు మా ఊరి పత్రిక ‘అదృష్టం హెరన్స్ పక్షాన నిలిచింది’ అని రాసింది. అదృష్టాన్ని కర్తగా నిలిపే వాక్యాలను నేను తరగతిలో ఎన్నడూ ఒప్పుకోలేదు. అది వేరే సంగతి.

లోయిస్ కాఫీ దుకాణంలో ఆనాటి ఫొటో ఇప్పటికీ ఉంది. అందరూ గాలిలో ఎగురుతూ ఉంటారు. మూలన బోర్లా పడివున్న మనిషి భాగాన్ని, ఫ్రేములో పట్టలేదని కత్తిరించారు.

మైదానాన్ని సొంత జట్టుకు అనువుగా మలచుకోవడం ఆ వృత్తిలో తప్పుగా ఎంచరు; నేర్పుగానే ఎంచుతారు. వేగంగా పరుగెత్తేవారు వస్తే మొదటి బేసు పక్కన మట్టిని గుల్లచేసి తడుపుతారు, అడుగు పట్టు దొరకకుండా. మిలో తడిపాడని ఊరందరికీ తెలుసు. తెలియడమే కాదు, అది వారికి గర్వకారణం. మైదానంలో జట్టుకు ఆడేది తొమ్మిదిమంది; పదోవాడు మిలో అనేవారు.

“రావయ్యా పదో ఆటగాడా!” అని మంగలి గస్ మిలో కాఫీ దుకాణంలోకి అడుగుపెట్టగానే కేకవేసేవాడు. “లోయిస్, వీడికి కాఫీ పొయ్యి. నీళ్లెక్కువ కలపమాక, జారి పడతాం!”

“నోరు మూసుకుని తాగరా గస్,” అనేది లోయిస్.

“ఈసారి నీ నీళ్ల గొట్టానికీ పతకం వేస్తారంటగా?”

అందరూ నవ్వేవారు. మిలో కప్పులోకి చూస్తూ కూర్చునేవాడు. అది వినయమని మేమనుకున్నాం.

ఉత్సవానికి వారం ముందు జట్టు ఆఫీసు నుంచి ట్రూడీ అతని ఇంటికి వచ్చింది. నేను మా గులాబీల దగ్గర ఉండి విన్నాను.

“అంకుల్, మేబెరీ గారు వస్తానన్నారు! మీరిద్దరూ మొదటి బేసు దగ్గర పక్కపక్కన నిలబడాలి. మీకు ఫలకం ఇస్తాం.”

“నాకెందుకమ్మా?”

“మీరు కాకపోతే ఆ ఔట్ ఎక్కడిది?”

ఆమె వెళ్లాక అతడు మా రెండిళ్ల నడుమ కంచె దగ్గరకు వచ్చాడు.

“టీచరమ్మా, తడపడం గురించి కాదు నా బాధ. తడపడం అందరూ చేసేదే. ఆ రోజు పొద్దున తడిపి, ఎండకి పైపొర ఆరుతుందిలే అనుకున్నా. మబ్బు పట్టింది. ఆటకి ముందు నొక్కి చూస్తే మడమ మొత్తం దిగిపోయింది. అది తడి కాదు, బురద. షెడ్డులో పొడి ఇసుక సంచి ఉంది, చల్లితే అడుగు నిలిచేది. తెద్దామని బయల్దేరి, తలుపు దాకా వెళ్లి, వెనక్కొచ్చేశా.”

“ఎందుకు మిలో?”

“గెలుస్తామని.”

“అతనికి చెప్పెయ్యి మరి.”

“తిడతాడని భయం లేదండీ. ‘పోనీలే’ అంటాడేమోనని భయం.”

ఉత్సవం నాటి మధ్యాహ్నం, జనం రాకముందే మేబెరీ వచ్చాడు. నల్లని పొడగరి, తల నెరిసింది, కుడి మోకాలు వంగదు. మిలో మొదటి బేసు దగ్గర దంతెతో మట్టి చదునుచేస్తున్నాడు. నేను తోడుగా ముందు వరుసలో కూర్చుని ఉన్నాను.

“నువ్వేనా ఆ నీళ్లాయనవి?” అన్నాడు మేబెరీ నవ్వుతూ. “మా ఊళ్లోనూ తడిపేవాళ్లులే. అదంతా ఆటలో భాగం.”

“అది కాదు కర్టిస్,” అంటూ మిలో దంతె కింద పెట్టి, ఇసుక సంచి సంగతి మొత్తం చెప్పాడు. చివర్న, “ప్రమాదమని తెలిసే వదిలేశా,” అన్నాడు.

మేబెరీ ముఖంలో నవ్వు ఆరిపోయింది.

“ఆ రోజు మా కోచ్ ఆగమని సైగ చేశాడు. నేనాగలా. పొగరుతో పరిగెత్తి కాలు పోగొట్టుకున్నాననే ఇన్నేళ్లూ అనుకున్నా. స్కూలు బస్సు తోలతా నేను. నా బస్సెక్కే ప్రతి పిల్లాడికీ అదే చెప్తా, పెద్దోళ్ల మాట వినకపోతే నాలాగవుతారని. నన్ను నేను తిట్టుకుంటా బతికానయ్యా!”

“నా వల్లే.”

“ఇప్పుడు నన్నేమనమంటావు? పర్లేదనా? అనలేను. ఇవాళ అనలేను.”

“అనొద్దు.”

మేబెరీ బూటు కొసతో ఆ నేలను గీకి, “ఆ ఇసుక ఇప్పుడుందా?” అని అడిగాడు.

సాయంత్రం నాలుగింటికి జనం నిండారు. మైకులో ఫలకం మీది వాక్యం చదివారు. అందులో రెండు క్రియలు ఒకదానితో ఒకటి పొసగలేదు, కానీ ఆ రోజు నాకు దానిమీద కోపం రాలేదు. మిలో పేరు పిలిచారు. అతడు ఫలకం వైపు వెళ్లలేదు. భుజాన సంచి వేసుకుని షెడ్డు నుంచి నేరుగా మొదటి బేసు దగ్గరకు వచ్చాడు. మోకాళ్ల మీద కూర్చుని సంచి మూతి విప్పి, పిడికిళ్లతో ఇసుక చల్లి అరచేత్తో పరిచాడు. అదొక వినోదమనుకుని జనం చప్పట్లు కొట్టారు. “నీళ్లు మర్చిపోయావురోయ్!” అని గస్ అరిచాడు.

మేబెరీ చప్పట్లు కొట్టలేదు. వంగని కాలును ముందుకు చాపి ఇసుకను నొక్కి చూశాడు. పట్టు దొరికింది. ఒక్కొక్క అడుగే వేసుకుంటూ రెండో బేసు దాకా నడిచి, దానిమీద నిలబడి, టోపీ తీశాడు. మిలో వైపు మాత్రం చూడలేదు.

ఉత్సవం తరువాత ఆ రోజు ఆట ఉంది. ఆట మొదలయ్యేముందు మైదానంలో ఒక్క అడుగుజాడనైనా ఉండనిచ్చిన మనిషి కాదు మిలో. అంపైర్ దంతె చూపించి, “ఆ జాడలు చెరిపెయ్ మిలో,” అన్నాడు.

“ఇవాళ నావల్ల కాదు. కావాలంటే మీరు చెరుపుకోండి,” అన్నాడతను.

అంపైర్ దంతెను పక్కన పెట్టించి, జాడలు అలాగే ఉంచి ఆట మొదలుపెట్టించాడు.

మర్నాడు గస్ మామూలుగానే, “రావయ్యా పదో ఆటగాడా!” అన్నాడు. మిలో కూర్చోకుండానే, ఇసుక సంచి సంగతి అందరికీ వినబడేలా చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. లోయిస్ కాఫీ పోయడం ఆపేసింది. ఊరికి ఉన్న ఒక్క గొప్ప రోజునూ ఇలా పాడుచేస్తాడా అన్న కినుక వారి ముఖాల్లో కనబడింది. నా ముఖంలోనూ కనబడే ఉంటుంది, ఆ కంచె దూకినవారిలో నేనూ ఉన్నాను గనుక.

ఇప్పుడక్కడ అతన్ని ఎవరూ ‘పదో ఆటగాడా’ అని పిలవడం లేదు. అతడు మాత్రం రోజూ వస్తాడు, ఆ ఫొటో కిందనే కూర్చుంటాడు.