పేర్లు పోయిన అంచులు

పోయిన వారం అనంతపురం వెళ్ళే బస్సులో నా ముందు సీట్లో ఒకావిడ కూర్చుంది. మెంతి రంగు పట్టుచీర, ఎర్రటి అంచు. అంచు పొడుగునా చిలకలు, చిలకకూ చిలకకూ మధ్య ఒక చిన్న గోపురం. మా ఊరివాళ్ళెవరైనా అలాంటి చీర కనబడితే ముందు అది ఎవరి మగ్గం మీద దిగిందో ఊహిస్తారు, తర్వాత చొరవ ఉంటే కొస పట్టుకుని నలిపి చూస్తారు. నాకు మాత్రం నోట్లో ఒక పొడుగాటి అంకె ఆడింది. ఆ చిలకల అంచు కొన్నాళ్ళు మా ఇంట్లో పేరు లేకుండా, ఆ అంకెతోనే బతికింది. ఆవిడకు ఆ సంగతి చెప్పాలని చాలా అనిపించింది. కానీ కొత్తవాళ్ళతో మాట్లాడాలంటే నేను ముందు కాగితం మీద రాసుకోవాలి, ఆ బస్సు కుదుపుల్లో రాయడం ఎవరి తరమూ కాదు. అందుకని ఇంటికొచ్చి ఇక్కడ రాస్తున్నాను.

మాది ధర్మవరం. నాయన మగ్గం నేయడు, మగ్గాలకు డిజైన్లు గీస్తాడు. ఒకప్పుడు గళ్ళ కాగితం మీద పెన్సిలుతో గీసేవాడు, ఒక్కో గడి ఒక్కో పోగు. తర్వాత అదే పని కంప్యూటరులో చేయడం నేర్చుకున్నాడు. గీసినదాన్ని పెన్‌డ్రైవులో వేసి ఇస్తే మగ్గం పైన పోగులు లేపే పెట్టెకు తగిలించుకుని నేస్తారు. ఆ పెట్టెలో ఇప్పుడు నేస్తున్న డిజైను మాత్రమే ఉంటుంది, పాతవి చెరిపేస్తారు. కాబట్టి నాయన గీసిన పన్నెండేళ్ళ అంచులు, కొంగులు, బుటాలు అన్నీ ఉన్నది ఒకే ఒక్క చోట, మా ముందు గదిలోని కంప్యూటరులో. వీధిలో ఎవరో ఒకరు గడపలో నిలబడి, "అన్నా, మా తమ్ముని పెండ్లప్పుడు గీసినావే, ఆ అంచు ఉండాదా?" అని అడుగుతారు. నాయన తల కూడా తిప్పకుండా, "ఉండాది, కూర్చో" అంటాడు. తనకు పెద్ద చదువు లేదు, గొంతు పెద్దది కాదు. వీధిలో ఆయన గౌరవమంతా ఆ "ఉండాది" అనే మాటలోనే ఉండేది.

కంప్యూటరు ముసలిదయింది. ఒక డిజైను తెరవమని చెప్పి వంటింట్లోకి పోయి టీ పెట్టుకుని రావచ్చు. బాగుచేసే అంగడతను కొత్తది కొనుక్కోమన్నాడు. నేను అప్పుడు అనంతపురంలో డిగ్రీ చదువుతున్నాను. లైబ్రరీ నోటీసు బోర్డులో, మా లెక్చరర్ల సెలవుల కాగితాల మధ్య, చేతిరాతతో ఒక చీటీ కనబడింది: పాత కంప్యూటరును పారేయొద్దు, నెలలో మొదటి ఆదివారం ఫలానా ట్యుటోరియల్‌కు పట్టుకుని రండి అని. ఆ అక్షరాలు గుండ్రంగా, నవ్వుతున్నట్టు ఉన్నాయి. అందుకే వెళ్ళాను.

అక్కడ పదిమంది దాకా ఉన్నారు, అందరూ లినక్స్ అభిమానులు. కంప్యూటరును నడిపించే వ్యవస్థల్లో అది ఒకటి. ఎవరైనా ఊరికే తీసుకోవచ్చు, లోపల ఎట్లా రాసి ఉందో విప్పి చూసుకోవచ్చు, మెరుగుచేసి పదిమందికీ పంచొచ్చు. వాళ్ళు ఒకరినొకరు ఊరి పేరుతోనే పిలుచుకునేవాళ్ళు. విత్తనాల అంగడి నడిపే ఆవిడ కణేకల్ అక్క. నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో మోటర్లు చూసే ఆయన యాడికి అన్న. లినక్స్‌లో రకరకాలున్నాయి, ఈ ఇద్దరిదీ ఒకటే రకం కాదు. అందువల్ల వాళ్ళిద్దరూ కలిస్తే వియ్యంకుల పోరే. "ఏమప్పా, నీ మిషను ఈ నెలలో ఎన్ని తూర్లు పడుకొన్యాది?" అని అక్క మొదలుపెట్టేది. "పడుకొన్యా మళ్ళ లేస్తాదిలే అక్కా. నీదానికి లేచే అలవాటే లేదు గదా" అని అన్న. అంతలో ఎవరైనా పాడైన కంప్యూటరుతో లోపలికి వస్తే, ఆ పోరు అక్కడే వదిలేసి ఇద్దరూ చెరో పక్కన కుర్చీ వేసుకునేవాళ్ళు.

వాళ్ళకొక ఆచారం ఉంది. సాయం చేసేవాళ్ళు ఎదుటివాళ్ళ కీబోర్డు ముట్టుకోకూడదు. చేతులు వెనక్కి కట్టుకుని కూర్చోవాలి. నోటితో ఎంతైనా చెప్పొచ్చు, నొక్కేది మాత్రం కష్టం వచ్చినవాళ్ళే. మనం చేసిపెడితే వాళ్ళు మళ్ళీ మనకోసం బస్సెక్కాలి, వాళ్ళే చేసుకుంటే వచ్చే నెల ఇంకొకరికి చెబుతారు అని అక్క అనేది. నేను మూడు నెలలు వెనక బెంచీలో కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. ఒక ఆదివారం అక్కడొక మిషనుకు లినక్స్ ఎక్కిస్తుంటే, జరిగినదంతా డైరీలో రాసుకున్నాను. ఒకటి, రెండు, మూడు అని అంకెలు వేసి, ముఖ్యమైనచోట ఎర్ర సిరాతో గీత కూడా కొట్టాను. నా రాత నాకే ముద్దొచ్చింది.

నాలుగో నెల ఒక శనివారం నాయన కొత్తచెరువులో చుట్టాలింటికి వెళ్ళాడు. తిరిగొచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని నేను డైరీ తెరిచి పక్కన పెట్టుకుని, లినక్స్ ఎక్కించడం మొదలుపెట్టాను. ఒకటో మెట్టు, రెండో మెట్టు. నాలుగో మెట్టు దగ్గర, "డిస్కు మొత్తం చెరిపి ఎక్కించు" అన్నదాన్ని ఎంచుకుని సరే నొక్కాలి అని రాసి ఉంది. నొక్కాను. అరగంటలో కంప్యూటరు పెళ్ళికూతురిలా తయారై కూర్చుంది. ఏది నొక్కినా చటుక్కున తెరుచుకుంటోంది. ఆ సంతోషంలో నాయన డిజైన్లు తెరుద్దామని చూస్తే, అవి లేవు. ఏ మూలా లేవు.

గుంపు వాట్సాప్‌లో నేను అప్పటిదాకా ఒక్క ముక్క రాయలేదు. ఆ రోజు కూడా ఏం చెప్పాలో ముందు డైరీలో రాసుకుని, దాన్ని చూస్తూ వాయిస్ మెసేజి చదివాను. మధ్యలో ఏడుపొచ్చింది, అది మాత్రం రాసుకున్నది కాదు. నిమిషంలో కణేకల్ అక్క ఫోను చేసింది. "పాపా, ముందు ఆ వైరు పీకు. ఆన్‌లో ఉంటే పాతదాని మీద కొత్తది రాసుకుంటా పోతాది. పీకినావా? ఇంగ దాన్ని ముట్టద్దు. రేపు నేనూ యాడికాయనా వస్తాం. మీ నాయనకు నువ్వే చెప్పు, మేము వచ్చి చెప్పే మాట కాదది."

సాయంత్రం నాయన రాగానే చెప్పాను. అరిచుంటే బాగుండేది. కళ్ళద్దాలు తీసి పంచె కొసతో తుడిచి, మళ్ళీ పెట్టుకోకుండా చేతిలోనే పట్టుకుని, "అన్నీనా?" అన్నాడు. "వాళ్ళొచ్చి చూస్తామన్నారు నాయనా" అన్నాను. సరిగ్గా అప్పుడే మూడిళ్ళ అవతలి నేతగాడు గడపలోకొచ్చి, రుద్రాక్ష అంచు ఉండాదా అన్నాడు. నాయన వాకిలి వైపు చూసి, "సోమవారం రాప్పా" అన్నాడు. నాయన నోటి నుంచి వాయిదా మాట రావడం నేను విన్నది అదే మొదటిసారి.

మర్నాడు ఎండ ముదరకముందే వాళ్ళిద్దరూ దిగారు. అక్క చేతిలో ఒక సంచి వేరుశనక్కాయలు, అన్న చేతిలో ఒక ఖాళీ డిస్కు, మా డిస్కును ముట్టకుండా కంప్యూటరును లేపే ఒక పెన్‌డ్రైవు. నాయనకు వాళ్ళను ఎట్లా చూడాలో అర్థం కాలేదు. "ఊరికే ఇంత దూరం వచ్చినారా? ఏమన్నా ఓట్లకు నిలబడతాండారా?" అని అడిగేశాడు. అక్క పడీపడీ నవ్వింది. "నిలబడితే డిపాజిట్టు గూడా రాదులేన్నా. మా గుంపంతా కలిపినా రెండు ఆటోలకు చాలం."

అక్క ముందు నా డైరీ అడిగింది. సిగ్గుతో ఇచ్చాను. నాలుగో మెట్టు దాకా చదివి వేలు అక్కడ పెట్టింది. "రాసిందంతా సరిగ్గానే ఉండాది. ఏం చేసినామో రాసుకున్యావు, ఎందుకు చేసినామో రాసుకోలే. ఆ పొద్దు మనం ఎక్కించిన మిషను ఖాళీది పాపా, చెరిపేదానికి దాంట్లో ఏమీ లేదు." నా తల ఇంకా వంగింది. యాడికి అన్న గొంతు సవరించుకుని, "నేను నా పెండ్లి ఫోటోలు చెరిపినా చెల్లెమ్మా. మా ఆడమనిషి చుట్టాలొచ్చినప్పుడల్లా ఆ కత చెప్పి మళ్ళ పెండ్లి చేస్తాంటాది" అన్నాడు. "ఒక తూరన్నా చెరపనోళ్ళు మా గుంపులో లేరు. అదే మా సభ్యత్వం" అంది అక్క.

నన్నే కీబోర్డు ముందు కూర్చోబెట్టారు. ఇంత పని జరిగాక కూడా నేనేనా అని చూస్తే, ఇద్దరూ అప్పటికే చేతులు వెనక్కి కట్టేసుకున్నారు. నేను కొడుతుంటే ఒక్కో అక్షరం రెండుసార్లు పడుతోంది. అన్న ఆగలేక, చేతులు తొడల కింద పెట్టుకుని వాటి మీద కూర్చున్నాడు. డిస్కులో చెరిగినట్టు కనబడేవి చాలావరకు చెరగవట, వాటి మీద కొత్తది రాసేదాకా అలాగే పడి ఉంటాయట. వాటిని వెతికి అన్న తెచ్చిన డిస్కులోకి పోసే పని మొదలైంది. ముందు ఒక బూడిదరంగు పలక వచ్చింది. తర్వాత ఎప్పుడో పెట్టుకున్న వెంకటేశ్వరస్వామి బొమ్మ. తర్వాత నా పదో తరగతి ఫోటో, రెండు జడలతో. అన్న మొహం అటు తిప్పుకుని నవ్వాడు. ఆ తర్వాత, మామిడిపిందె.

వెనక నుంచి నాయన, "మామిడిపిందె!" అన్నాడు. తప్పిపోయిన ఆవు సందు చివర కనబడితే పిలిచినట్టుంది ఆ పిలుపు.

మధ్యాహ్నానికి వందలకొద్దీ వచ్చాయి. కానీ ఏ ఒక్కదానికీ పేరు లేదు. ఒక్కో బొమ్మకూ ఒక పొడుగాటి అంకె. "డిస్కులో పేర్ల పట్టీ ఒక చోట, బొమ్మలు ఒక చోట ఉంటాయన్నా. పట్టీ పోయింది" అంది అక్క. "పేర్లదేముందమ్మా, పెట్టినోన్ని నేనే గదా" అని నాయన నా కుర్చీలో కూర్చున్నాడు. ఒంటి వేలితోనైనా ఆయనే కొట్టాలి, ఆచారం ఆచారమే. ఇరవై ముప్పై దాకా బాగానే సాగింది. తర్వాత తడబడ్డాడు. తను గీసిన అంచు తనకే కొత్తగా కనబడుతోంది. ఆ నీరసం చూసి నాకు మళ్ళీ భయమేసింది. పేరు లేని డిజైను ఉన్నా లేనట్టే, వీధివాళ్ళు అడిగినప్పుడు దొరకదు కదా.

పక్కింటి అవ్వ మజ్జిగ తెచ్చింది. జీవితమంతా మగ్గాలకు పోగులు సర్ది ఆసు పోసిన మనిషి. చెంబు అక్క పక్కన పెట్టి, తెర మీదికి వంగింది. "అదేమిరా, నా కోడలు సీమంతానికి కట్టిన అంచు గదా. నెమలి మెడ తిరగేసినావని ఆ పొద్దే తిట్టినా నిన్ను." నాయన దగ్గరగా చూశాడు. నెమలి మెడ తిరగబడే ఉంది. అవ్వ ఇంక కదల్లేదు, ఇంకో కుర్చీ తెప్పించుకుంది. అవ్వ రాలేదేమని వెతుక్కుంటూ కోడలొచ్చింది. కోడలి వెనక రుద్రాక్ష అంచు అడిగిన నేతగాడు వచ్చాడు, సోమవారం దాకా ఆగలేక. "ఇది మూడేండ్ల కిందటిది" అని ఒకరు, "కాదప్పా, వానలు పడిన సంవత్సరందిది, ఆ ఏడే గదా మా ఎద్దులు కొనింది" అని ఇంకొకరు. మా ముందు గదిలో అంతమంది ఒకేసారి కూర్చోవడం నేను చూడలేదు. అక్క చేతులు వెనక్కి కట్టుకునే మజ్జిగ ఎట్లా తాగాలా అని చూస్తోంది. చివరికి ఆచారానికి ఆ ఒక్క సడలింపు ఇచ్చుకుంది.

అన్నీ రాలేదు. కొత్తది రాసుకున్నచోట పాతవి నిజంగానే పోయాయి. ఒక కొంగు సగమే వచ్చింది, మిగతా సగం బూడిద. నాయన దాన్ని చాలాసేపు చూసి, "ఈ సగం నాకు అప్పుడే నచ్చలేదులే. మళ్ళ గీస్తా" అన్నాడు. అది నా కోసం ఆడిన అబద్ధమో కాదో ఇప్పటికీ తెలియదు. కానీ గీశాడు, కొత్త వ్యవస్థలో, ఉచితంగా దొరికిన బొమ్మల ప్రోగ్రాంలో. అక్క ఫోనులో చెబుతుంటే ఒంటి వేలితో నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయన పనికి మూడు కాపీలున్నాయి, ఒకటి కణేకల్‌లో, ఒకటి యాడికిలో. నేను మరుసటి నెల ఆదివారం గుంపులో లేచి నిలబడి, ఒక్కో మెట్టు పక్కన "ఎందుకు" అని కొత్తగా రాసుకున్న పేజీ చదివాను. నా పక్కనున్నామె తన నోటు పుస్తకంలోకి ఎక్కించుకుంది.

ఒక సంగతి మాత్రం తర్వాత గమనించాను. తిరిగొచ్చిన డిజైన్లన్నింటి మీదా ఒకే తేదీ ఉంది, ఆ ఆదివారానిది. నాయన పన్నెండేళ్ళ పనంతా ఆ ఒక్కరోజే పుట్టినట్టు. గుర్తున్నంతవరకు సరిచేద్దామన్నాను. నాయన అక్కర్లేదన్నాడు, ఏది ఎప్పటిదో వీధికి తెలుసట. నిజమే కావచ్చు. గడిచిన కాలాన్ని యంత్రం ఒక్కరోజుగా కుదించి చూపిస్తుంది. దాన్ని మళ్ళీ ఏళ్ళుగా విడదీయాలంటే, పక్కన ఎవరో ఒకరు కూర్చుని "అది అప్పటిది కాదప్పా" అని వాదించాల్సిందే.