శుభలేఖల వెనక రాసినవి

ఈ మాట ఏళ్ల తరబడి నా గుండెల మీద కూర్చుని ఉంది. నా భార్యకు చెప్పలేదు, స్నేహితులకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను. పరిశోధన చేసే పిల్లలు వచ్చి, రిఫరెన్సులు దాచుకోవడానికి ఏ సైటు మంచిది సార్ అని అడుగుతారు. మామూలు ప్రశ్నే. నేను మాత్రం ఇంకెవరినైనా అడగమని పంపేస్తాను.

2012లో నేను పీహెచ్‌డీ చేస్తూ అశోక్‌నగర్‌లో కిరాయి గదిలో ఉండేవాణ్ణి. చిక్కడపల్లి లైబ్రరీలో వసుంధర అక్క పరిచయమైంది. నారాయణగూడలో ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. బడి అయ్యాక వచ్చి, పాత పత్రికల్లో ఆడవాళ్లు సంపాదకులకు రాసిన ఉత్తరాలు వెతికేది. అదే ఆమె పీహెచ్‌డీ. యూనివర్సిటీ ఇచ్చిన ఆఖరి గడువు నడుస్తోంది. అది దాటితే ఇక అంతే. డిగ్రీ చేతికొస్తే కాలేజీలో లెక్చరరుగా చేరాలని ఆమె ఆశ.

శుభలేఖల దుకాణానికి వెళ్లి అచ్చు చెడిన కార్డులు అడిగి తెచ్చుకునేది. ముందు వైపు ఎవరో వధూవరుల పేర్లు. వెనక ఆమె గుండ్రటి రాత: ఏ పత్రిక, ఏ సంచిక, ఏ పేజీ, ఉత్తరంలో ఏముంది. ఒక్కో ఉత్తరానికి ఒక్కో కార్డు. చేతిసంచి నిండా అవే. నేను నవ్వాను. ఈ కాలంలో ఇదేం చాదస్తమక్కా అన్నాను. కంప్యూటర్ తెలుసునన్న పొగరు నాకు దండిగా ఉండేది.

సైటు నేనే ఎంచాను. ఒకదాంట్లో తెలుగు అక్షరాలు డబ్బాలుగా కనిపించాయి. ఇంకొకటి సొంత కంప్యూటర్ ఉంటేనే పనికొస్తుంది, ఆమెకు లేదు. మూడోది ఉచితం. నెట్ సెంటర్లో తెరుచుకుంటుంది, తెలుగు చక్కగా వస్తుంది, పరిశోధన గ్రంథం చివర వేసే ఆధారాల పట్టిక కూడా తనే తయారుచేస్తుంది. నా ఖాతాలో ఒక ఫోల్డర్ తెరిచి ఆమెతో పంచుకున్నాను. సెలవుల్లో ఇద్దరం కూర్చుని కార్డులన్నీ ఎక్కించాం. ఇంక ఈ అట్టలెందుకు, ఇల్లు ఖాళీ చేసుకోండి అన్నది కూడా నేనే. నా మాట నమ్మి కార్డులన్నీ పాత కాగితాల కింద రద్దీకి వేసేసింది.

ఆ సైటు ఉచితంగా ఇచ్చే చోటు కొంతే. నేను దించుకున్న వ్యాసాలతో అది నిండిపోయింది. అక్క ఫోల్డర్ నా వైపు తీసేసినా ఆమె వైపు ఉంటుందిలే అనుకున్నాను. నియమాలు చదివానా? లేదు. నిజంగా తీసేయాలా అని అది అడిగింది. అవునని నొక్కాను. చెత్తబుట్ట ఖాళీ చేస్తేనే చోటు వస్తుందంటే, అదీ చేశాను.

ఆ వారంలోనే అక్క నెట్ సెంటర్ నుంచి గాబరాగా లైబ్రరీకి వచ్చింది.

"తమ్మీ, నా ఫోల్డర్ల ఏం లేదు. జర చూడవా?"

చూడకముందే నాకు అర్థమైపోయింది, నా ఖాతాలో తీసేస్తే ఆమెకూ పోయింది.

"మీరేమన్న నొక్కిన్రా అక్కా?" అన్నాను.

"మొన్న ఒక పేరు తప్పు పడితె తీసేసిన. గంతదానికే అంత పోతదా?"

అప్పుడైనా చెప్పొచ్చు. చెబితే ఏమయ్యేది? తిట్టేది, ఏడ్చేది. నాకు ఆమె గడువు గుర్తు రాలేదు, నా పరువు గుర్తొచ్చింది.

"గట్లనే అయ్యుంటది" అన్నాను.

ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. కష్టపడి కూర్చుని ఎక్కించావు, నేనే పాడు చేసుకున్నానని నాకే క్షమాపణ చెప్పింది. మళ్లీ మొదటి పత్రిక నుంచి మొదలుపెట్టింది. గడువు దాటింది. యూనివర్సిటీ ఆమె పేరు కొట్టేసింది. నాకు డిగ్రీ వచ్చింది, నా గ్రంథం ముందు పేజీలో ఆమెకు కృతజ్ఞతలు కూడా రాశాను, సిగ్గు లేకుండా. తెలియక తీసేశాను కదా, అది పొరపాటే కదా అని ఇన్నేళ్లూ నాకు నేనే వకీలునై వాదించుకున్నాను గాని, తీసేయడం పొరపాటైతే ఆ తర్వాత అన్న మాట ఏమిటి?

2014లో చిక్కడపల్లి బస్టాపులో కనిపించింది. ఇంకా అదే స్కూల్లో టీచరు. నన్ను చూసి సంబరపడింది. కొత్త ఫోను నా చేతిలో పెట్టింది.

"నీ నంబరు నువ్వే ఎక్కియ్యి తమ్మీ. నేను నొక్కితె ఉన్నయి గూడ పోతయ్. నా చెయ్యి సంగతి నీకెరికే గద."

ఎక్కించాను. నా ఫోనుకు ఒక రింగు ఇచ్చి తిరిగి ఇచ్చేశాను. బస్సు వచ్చింది, ఎక్కి వెళ్లిపోయింది.

ఆమె నంబరు ఇప్పటికీ నా దగ్గరుంది. తీసి చూస్తాను, పెట్టేస్తాను. ఫోను చేస్తానో లేదో తెలియదు. కనీసం ఒక్కరికైనా ఈ మాట చెప్పాలి, మీకు చెబుతున్నాను. ఆమె చెయ్యి మంచిదే. ఆమె ఏమీ పాడు చేయలేదు. నొక్కింది నేను.