రెండో చెయ్యి నూరిన ఎరుపు

డ్రాయింగు టీచరమ్మ కోసిన ఎర్రరంగు గింజలు స్టాఫ్ రూము కిటికీలో పేపరు మీద ఎండి గలగలమంటున్నాయి. నూరేవాళ్ళే దొరకలేదు.

ఆమెకు నూరడం రాక కాదు. వయసులో ఉండగా ఒక సంస్థ తరఫున, వాన తెరిపివ్వని అడవిలోకి, అక్కడి పిల్లలకు బొమ్మలు నేర్పుదామని పెట్టెడు రంగులు మోసుకెళ్ళింది. తొలి వానకే పెట్టె నాని ముద్దయింది. ఆపైన అడవివాళ్ళు గింజలు నూరి తీసే ఎర్రరంగే గతి. వాళ్ళకొక కట్టుబాటుంది: గింజలు కోసిన మనిషి నూరకూడదు, ఇంకొకరిని అడగాలి. ఆ ఇంకొకరు ఊరికే నూరరు. దేనికి, ఎంత అని అడిగి, చాలినంతే నూరి, మిగిలినవి చెట్టు మొదట్లో వేసేస్తారు. అడవి చూసొచ్చినవాళ్ళు ఈకలో పూసలో పట్టుకొస్తారు. కొందరు అడవివాళ్ళ పొదుపు గురించి లావాటి పుస్తకాలు రాసి బోలెడు కాగితం తగలేస్తారు. ఈమె తెచ్చుకున్నది ఆ అడగడం ఒక్కటే.

బడి కొళాయి నీళ్ళు పారే చోట ఆ గింజలు కాసే జాతి మొక్కే పెంచింది. పిల్లలతో ప్రహరీ గోడ మీద అడవి బొమ్మ వేయించింది. ఏటా వానకు రంగు కరిగేది, ఏటా మళ్ళీ వేసేవాళ్ళు. "టీచర్, వీడు సంచీడు కోశాడు, నేను నూరను పో!" అని ఒక పిల్ల అరిచిన రోజున ఆమె సంబరంలో అన్నం తినడం కూడా మరిచిపోయింది.

ఇప్పుడు టైమ్‌టేబుల్లో డ్రాయింగు లేదు. ఆమెకు లైబ్రరీ తాళాలు అప్పగించారు. పెద్ద టీచరు తేల్చి చెప్పింది: "సెలవులయ్యేలోగా గోడ బాగుపడితే సరే. లేదంటే ఫ్లెక్సీ కట్టించేస్తానమ్మా, మరకల గోడలా ఉంది."

గింజలు నూరిపెట్టడానికి రమ్మని చెల్లెలికి ఫోన్ చేసింది.

"ఏం, మీ ఇంట్లో మిక్సీ పాడైందా అక్కా?"

"మిక్సీలో వెయ్యకూడదే."

"వేస్తే అడవివాళ్ళొచ్చి కేసు పెడతారా?" చెల్లెలు పకపకా నవ్వింది. "పెళ్ళి చేసుకోమంటే ఒక్కదాన్నే బతగ్గలనన్నావు. ఇప్పుడు గుప్పెడు గింజలకు తోడు కావాల్సొచ్చిందా? ఉండు, కుక్కరు కూత పెడుతోంది."

ఫోన్ పెట్టేశాక గది మరీ ఖాళీగా తోచింది. రాతి రోలు, నూరే బండ, గింజలు తీసుకెళ్ళి గోడ దగ్గర కూర్చుంది. ఎవరు చూడొచ్చారని, బండ ఎత్తింది. ఎంత కావాలి? తనను తానే ప్రశ్నించుకుంది. ఎంతైనా, అని లోపలినుంచి జవాబొచ్చింది. పొదంతా దూసెయ్, గోడంతా నింపెయ్. ఆ జవాబుకు జడిసి బండ దించేసింది.

అప్పుడు టేపు పట్టుకుని ఫ్లెక్సీ అతను వచ్చాడు. "అమ్మా, ఈ చివర కాస్త పట్టుకోండి. ఒక్కణ్ణే కొలవలేను."

ఆమె లేచి పట్టుకుంది. తన గోడను కప్పేసే గుడ్డకు తనే కొలత ఇచ్చింది. టేపు చుట్టుకుంటున్నవాణ్ణి అడిగింది: "బాబూ, ఇవి కాస్త నూరి పెడతావా?"

"ఏంటివి, కారమా?"

"రంగు."

"దేనికమ్మా? ఎంత కావాలేంటి?"

ఆమె గోడకేసి చూసింది. ఆ ప్రశ్న విని ఎన్నాళ్ళయిందో.

"ఒక్క పిట్టకు," అంది చివరికి.

అతను గొంతుక్కూర్చుని నూరాడు. చొక్కా చేతులు ఎర్రబడ్డాయి. "మా ప్రింటింగు మిషనైతే డబ్బాలకు డబ్బాలు రంగు కక్కుతుందమ్మా, ఎంతనేదే ఉండదు," అన్నాడు. మిగిలిన గింజలు ఆమె చెప్పినట్టే మొక్క మొదట్లో వేశాడు. వెళ్తూ, "పిట్ట పట్టేంత చోటు వదిలి ఫ్లెక్సీ కొలత తగ్గించి రాసుకుంటాలెండి. అడిగితే టేపు జారిందంటాను," అన్నాడు.

ఆమె పిట్టను వేసింది. మిగతా గోడంతా వెలవెలబోతూనే ఉంది. పిలిస్తే పలికేవాళ్ళెవరూ లేరు. రోలు కడిగి బోర్లించి, గోడ మీద ఒక్క ఆకు వేయడానికి సరిపడా గింజలు కోసి కొంగున కట్టుకుంది. ఇంకో రెమ్మ మీదికి పోబోయిన చెయ్యి ఆగింది. రేపు నూరేవాళ్ళెవరైనా దొరికితే, దేనికి, ఎంత అని అడుగుతారు. జవాబు చెప్పుకోవాలి కదా.