ఎక్స్‌రే గదిలో ఘాటు

పరీక్షల విషయంలో నాకు కాస్త దుర్బుద్ధి ఉంది. పిల్లలు బట్టీపట్టి వచ్చిన ప్రశ్న అడగబుద్ధి కాదు. గుంటూరులో ఎక్స్‌రే, స్కానింగ్ టెక్నీషియన్ కోర్సు చదివేవాళ్ళకు నేను ఫిజిక్స్ చెబుతాను. "దూరం రెట్టింపైతే కిరణాల తీవ్రత నాలుగో వంతవుతుంది" అని వాళ్ళు నిద్రలో లేపి అడిగినా అప్పజెబుతారు. మెషీను దగ్గర రెండడుగులు వెనక్కి జరగమంటే మాత్రం, "ఎందుకు మేడం?" అంటారు. ఆ సంగతి బయటపెట్టడం నాకు సరదా. మా ప్రిన్సిపాల్ గారికి అది సరదా కాదు.

మొన్నటి ప్రాక్టికల్ పరీక్షకు ఒంగోలు నుంచి ఒక ఎగ్జామినర్ గారు వచ్చారు. పెద్దాయన. పుస్తకంలోని వాక్యం అటూ ఇటూ అయితే ఆయన పెన్ను ఆగిపోతుంది. నాకు ఒక అమ్మాయి గురించే బెంగగా ఉంది. వినుకొండ దగ్గర పల్లెటూరి పిల్ల. తల్లి కూలికి వెళుతుంది. పోయినసారి వైవాలో నోరు పెగలక తప్పింది. ఈసారీ తప్పితే ఆస్పత్రి శిక్షణకు వెళ్ళే బ్యాచ్‌లో చోటు పోతుంది. "ఈసారి కూడా పోతే మా అమ్మ చదువు మానిపిస్తానందండీ," అని ముందురోజే నాతో చెప్పింది.

ఎగ్జామినర్ గారు సూత్రాలు అడిగారు. నా వంతుకు ఒకే ప్రశ్న దాచుకున్నాను. "ఎక్స్‌రే తీయడం అయిపోయింది. మెషీను ఆగింది. గదిలోకి ఎంతసేపటికి వెళ్ళొచ్చు?"

క్లాసులో ఫస్టు వచ్చే కుర్రాడు వెంటనే అందుకున్నాడు. "ఐదు నిమిషాలు ఆగాలి మేడం. ఫ్యాను వేసి తలుపు బార్లా తీస్తే మూడు చాలు."

"ఎందుకని?"

"ఘాటు పోవాలి కదండీ!"

తర్వాత వచ్చినవాడు కర్చీఫ్ అడ్డం పెట్టుకుంటే రెండు నిమిషాలకే వెళ్ళొచ్చన్నాడు. ఆ వెనకొచ్చిన అమ్మాయి, గదిలో పేషెంటు లావుగా ఉంటే ఇంకాస్త ఆగాలంది. ఆ లెక్క ఎక్కడిదో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. మా వైపు పిల్లలందరూ మిరపకాయల మధ్య పుట్టి పెరిగినవాళ్ళు. ఇంట్లో ఎండుమిర్చి వేయిస్తే తుమ్ముకుంటూ వీధిలోకి పరుగెత్తడం, ఘాటు తగ్గాక లోపలికి రావడం అందరికీ అలవాటే. మరో ఊళ్ళో పిల్లలకు ఈ తప్పు తోచను కూడా తోచదు. నేను నవ్వు ఆపుకోలేక మంచినీళ్ళ సీసా ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. ఏడాది పొడుగునా వీళ్ళకు పాఠం చెప్పింది నేనేనన్న సంగతి అప్పుడు గుర్తుకు రాలేదు.

సీసా దించి చూస్తే, పక్కన ఎగ్జామినర్ గారు ప్రతి జవాబుకీ గంభీరంగా తల ఊపుతున్నారు.

చివరికి ఆ అమ్మాయి వచ్చింది. ఆయన సూత్రం చెప్పమన్నారు. సగం చెప్పి ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. ఆయన పెన్ను మూత పెట్టేశారు. అందరినీ అడిగిన ప్రశ్నే గబగబా అడిగాను.

"అప్పుడే వెళ్ళొచ్చండీ," అంది.

ఎగ్జామినర్ గారు తల ఎత్తారు. "అప్పుడేనా? కిరణాలు గదిలో ఉండవూ?"

"ఉండవండీ. బల్బు ఆపేశాక వెలుతురు ఎక్కడుంటదండీ? ఇదీ అంతేనండీ."

"మరి అందరూ ఘాటు పోవాలంటున్నారే?"

"అది కారం సంగతండీ. కారం పట్టే మర ఆపేసినా ఘాటు పోదు. పొడి గాల్లోనే ఉంటది కాబట్టి. ఎక్స్‌రేలో పొడి ఏముందండీ మిగలడానికి?"

ఆయన నమ్మలేదు. నాలోని దుర్బుద్ధి లేచి కూర్చుంది. "చూద్దాం రండి సార్," అని ఎక్స్‌రే గది దగ్గరికి తీసుకెళ్ళాను. బల్ల మీద ప్లాస్టిక్ చెయ్యి పెట్టి, అందరం సీసపు అడ్డగోడ వెనక నిలబడి ఒక ఎక్స్‌రే తీశాం. మెషీను కుయ్‌మని ఆగగానే ఆ పిల్ల చకచకా నడిచి బల్ల పక్కన నిలబడింది. "రండి సార్, ఏం లేదండీ," అని పిలిచింది. ఆయన గోడ చాటు నుంచి కదల్లేదు.

"ఫ్యాను వెయ్యండమ్మా ముందు," అన్నారు.

ఇక నేను నవ్వేశాను. దాచుకోలేదు కూడా. పాపం, ఆయనా నవ్వారు. మెల్లగా లోపలికి వచ్చి, ముక్కు ఎగబీల్చి చూసి, "నిజమే," అన్నారు. ఇన్నేళ్ళుగా తను బయట ఐదు నిమిషాలు ఆగుతూనే ఉన్నానని పెద్దమనసుతో ఒప్పుకున్నారు. అక్కడే మార్కుల కాగితం తీసి పాసు మార్కులు వేశారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఏ పుస్తకంలో చదివావమ్మా ఇదంతా?" అని అడిగారు.

"పుస్తకంలో కాదండీ. సెలవుల్లో మా అమ్మతో కారం మిల్లుకి పోయేదాన్ని. మర ఆపంగానే లోపలికెళ్ళి ఊడ్చేది మేమేనండీ."

"ఘాటు తగ్గేదాకా ఆగలేకపోయారా?"

"ఆగేది మిల్లువాళ్ళండీ," అంది, చాలా మామూలుగా.

మా నాన్నకు కారం మిల్లు ఉండేది. మర ఆగాక మేం పిల్లలం వేపచెట్టు కింద ఆడుకునేవాళ్ళం. ఘాటు తగ్గిందని లోపలి నుంచి ఎవరో కేకేస్తే అప్పుడు వెళ్ళేవాళ్ళం. ఆ కేకేసిన మనిషి అంతసేపూ లోపలే ఉందని నాకు ఆ రోజు దాకా తట్టలేదు.