నేను లేని శనివారం చనిపోయిన వైద్యుడు

ఈ నెల మొదటి శనివారం: ఇద్దరు గంట ఆలస్యంగా వచ్చారు. రెండో శనివారం: నా వంతు నడుస్తుండగా ఒకతను ఆఫీసు కాల్ మాట్లాడాడు. మూడో శనివారం: నేను లేనప్పుడు నా పాత్రను చంపారు.

నిజాంపేటలోని మా అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో నలుగురు ఐటీ ఉద్యోగులతో కలిసి, పాచికలు వేస్తూ కథ నడిపే ఆట ఆడుతున్నాను. రెండేళ్లుగా ఆ కథలో నేనొక ముసలి వైద్యుడిని. ఆయన ఎవరికి ఏ మందు ఇచ్చాడో అంతా నోటుపుస్తకంలో రాసి ఉంచాను. కంటి ఆపరేషన్ వల్ల ఒక్క వారం రాలేనని, కథలో వైద్యుడిని శిబిరంలోనే ఉంచమని కాగితం మీద రాసి, వాళ్లలో ఆట నడిపే అతని చేతికే ఇచ్చాను.

తిరిగొచ్చి అడిగితే, "వాట్సాప్ గ్రూపులో పెట్టలేదు కదా అంకుల్! మీ డాక్టర్‌ని పంపొచ్చా అని మేం అందులో అడిగితే మీరు రిప్లై ఇవ్వలేదు, ఓకే అనుకున్నాం," అన్నాడతను. సొరంగంలో ఉచ్చు ఉందేమో చూడడానికి నా వైద్యుడిని ముందు పంపారట, ఆ ఉచ్చులోనే ఆయన పోయాడట.

"జర లైట్ తీసుకోండి అంకుల్, కొత్త క్యారెక్టర్ చేసుకుందాం," అని ఇంకొకడు నవ్వాడు.

వాళ్ల ఆఫీసుల్లో జవాబివ్వనివాడు ఒప్పుకున్నట్టేనట. కంటికి కట్టు కట్టించుకున్నవాడు ఫోన్ ఎలా చూస్తాడు?

నా కాగితం చదివారా, లేదా? చదివి ఉంటే ఆయన్ను ఎందుకు పంపారు? వచ్చే శనివారంలోగా సంతకంతో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను. అది అందేవరకు ఆ బల్ల దగ్గర కూర్చోను.