బతికున్న సారుకి గంధపు దండ

కువైట్‌లో ఇన్నేళ్ళుగా ఉంటున్నాను. ఒకరి జోలికి పోలేదు, పోలీసు స్టేషన్ మెట్లెక్కలేదు. అలాంటి నేను ఒక మనిషిని చంపినంత పని చేశాను. కత్తితో కాదు, ఫర్వానియాలో మలయాళీ కొట్లో బేరమాడి కొన్న గంధపు దండతో. అప్పటికి నాకు యాభై ఎనిమిది. చిన్నతనం. మన్నించి చదవండి.

నేను బడికి వెళ్ళింది ఐదో తరగతి దాకా. మిగతాదంతా పొట్లాలు కట్టిన కాగితాల్లోంచీ, మంగలి షాపుల్లో పేపర్లలోంచీ సొంతంగా నేర్చుకున్నదే. అందుకే ఎవరైనా "మీరెంతవరకు చదివారండీ" అని అడిగితే నాకు ఒళ్ళు మండుతుంది. దజీజ్‌లో మా ఏసీ సామాన్ల గోడౌన్లో నాకు తెలియని సంగతి లేదని పేరు. ఆ పేరు పుట్టించిందీ నేనే అనుకోండి, అది వేరే సంగతి.

మా మేనేజరు డేవ్ సారు అమెరికా మనిషి. బట్టతల, కళ్ళద్దాలు, ఆయనకంటే ఒక అడుగు ముందు నడిచే పొట్ట. ఒకరోజు పొద్దున్న ఆయన గదిలోంచి బయటికి రాలేదు. మా డ్రైవరు రెడ్డెప్పది రాయచోటి. ఇచ్చిన టీ ఇచ్చినట్టే వెనక్కి తెచ్చి, "సారు ఏడుస్తా ఉండాడు సత్యమన్నా" అన్నాడు. లోపలికి వెళ్ళాను. అమెరికాలో ఒక బేస్‌బాల్ ఆటగాడు పోయాడట. ఆ మహానుభావుడి పేరు ఇక్కడ రాయను. నేను పలికినప్పుడల్లా డేవ్ సారు చెవి నొప్పి వచ్చినట్టు ముఖం పెట్టేవాడు, రాస్తే ఇంకేమవుతుందో.

"మీ చుట్టమా సార్?"

"కాదు."

"స్నేహితుడా?"

"ఒక్కసారి కలిశాను."

ఒక్కసారి కలిసిన మనిషి కోసం అరవై దాటినాయన ఇంత ఏడవడమేమిటో నాకు అర్థం కాలేదు. సొంత మేనమామ పోయినప్పుడు కూడా నా కళ్ళు చెమర్చింది వంటల దగ్గరే, అదీ పొయ్యి పొగకి. కుర్చీ లాక్కుని కూర్చుని ఆరా తీశాను. వాళ్ళ నాన్న నోరు విప్పని మనిషట. రేడియోలో ఈ ఆటగాడు బ్యాటు పట్టాడని చెప్పినప్పుడు మాత్రం కొడుకుతో మాట్లాడేవాడట. "నాన్న మాటలు నాకు గుర్తున్నవన్నీ ఆయన గురించే" అన్నాడు డేవ్ సారు.

ఆట సంగతి కూడా అడిగాను. చపాతీ కర్రకి పెద్దన్న లాంటి బ్యాటుతో బంతిని కొట్టి, చుట్టూ పరిగెత్తి, బయల్దేరిన చోటికే రావాలట. ఆ చోటిని ఇల్లు అంటారట. బయల్దేరిన చోటికి రావడానికి ఇంత పరుగెందుకని అడిగాను. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, "నువ్వు కువైట్ వచ్చి ఎన్నేళ్ళయింది సత్యం?" అన్నాడు. ఒళ్ళు మండి కుర్చీ వెనక్కి జరిపి లేచాను.

గురువారం మధ్యాహ్నం ఆ ఆటగాడి అభిమానులు, అంటే సారు స్నేహితులు, గోడౌన్లోనే కలుసుకుని ఆయన్ని తలుచుకోవాలని ఏర్పాటు. ఆదివారం డేవ్ సారుకి గుండె ఆపరేషన్ ఉంది, అందుకే ఆ తొందర. ఆయన తానూ ఆ ఆటగాడూ కలిసి దిగిన పాత ఫోటో నా చేతిలో పెట్టి, ఆటగాణ్ణి మాత్రం పెద్దగా చేయించి పెట్టమన్నాడు.

ఇప్పుడు మీరే న్యాయం చెప్పండి. ఫోటోలో ఇద్దరున్నారు. ఒకడు బక్కపలచని యువకుడు, ఒత్తైన మీసం, ఆటగాళ్ళ చొక్కా, దాని మీద నంబరు, నెత్తిన టోపీ, భుజాన బ్యాటు. రెండోవాడు మామూలు చొక్కా వేసుకున్న పెద్దాయన, బట్టతల, కళ్ళద్దాలు. ఆటగాడెవరో, మా సారెవరో చెప్పడానికి డిగ్రీ కావాలా? రెడ్డెప్పకే అనుమానం వచ్చింది.

"ఫోటో శానా పాతది కదన్నా. సారుకి అప్పుడే బట్టతల ఉన్నిందా?"

"కొందరికి పుట్టుకతోనే ఉంటుంది రెడ్డెప్పా" అన్నాను.

అంతటితో ఊరుకున్నా బాగుండేది. మనవాళ్ళు చేసినట్టు చెయ్యాలనిపించింది. యువకుణ్ణి నిలువెత్తున చేయించి, నుదుట కుంకుమ బొట్టు పెట్టి, గంధపు దండ వేసి, ముందు అగరొత్తులు వెలిగించి చేతులు కట్టుకుని నిలబడ్డాను. అభిమానులు వచ్చారు. టోపీలు తీశారు. ఫోటో వంక చూశారు. తర్వాత అందరూ డేవ్ సారు వంక చూశారు.

"సత్యం" అన్నాడాయన నెమ్మదిగా, "అది నేను."

అభిమాన ఆటగాడి చొక్కా కొని తొడుక్కుని వెళ్ళిన కుర్రవాడు మా సారట. ఆట మానేసి ముసలివాడై పక్కన నిలబడింది ఆ మహానుభావుడట. రెడ్డెప్ప నా చెవిలో, "ఆదివారం ఆపరేషను పెట్టుకున్న మనిషికి దండేస్తివే అన్నా" అన్నాడు. దండ తీయబోతే సారు నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఎందుకు తీస్తావు, బాగుందిగా. మీ దగ్గర ఇది గౌరవమా?"

"చాలా పెద్ద గౌరవం సార్."

"ఎవరికి చేస్తారు?"

"పెద్దవాళ్ళకి సార్."

"ఎప్పుడు?"

"అన్నీ అయ్యాక సార్."

ఆయన పొంగిపోయాడు. అభిమానులు పొట్టలు పట్టుకుని నవ్వారు. ఏడవడానికి వచ్చినవాళ్ళు నవ్వుతూ నవ్వుతూనే ఆ ఆటగాడి కబుర్లు చెప్పుకున్నారు. ఒకాయనైతే, ఆయన వదిలేసిన ఒక బంతిని గుర్తు చేసుకుని, నిన్ననే జరిగినట్టు కోప్పడ్డాడు. డేవ్ సారు ఫోటోని దండతో సహా ఫింటాస్‌లో తన ఇంటికి పట్టుకుపోయాడు.

శుక్రవారం అన్నం సహించలేదు. ఆదివారం ఆయనకేమైనా అయితే పోలీసులు నన్ను పట్టుకోకపోవచ్చు, నా మనసు వదలదుగా. రెడ్డెప్పని వెంటబెట్టుకుని ఫింటాస్ వెళ్ళాను. హాల్లో గోడ మీద దండతో, బొట్టుతో డేవ్ సారు. దాని కింద సోఫాలో డేవ్ సారు. ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను. "అది పోయినవాళ్ళకి వేసేది సార్. తీసేయండి."

ఆయన లేచి ఫోటోకి దండ సర్దాడు. "అంటే పై ఆఫీసులో నా ఇఖామా, ఇక్కడ ఉండే పర్మిటు, గురువారమే కేన్సిలైపోయింది. ఆదివారం నా కోసం ఎవరొచ్చి వెతికినా నా పేరు దొరకదు. ఖలాస్. ఉండనీ సత్యం."

ఆదివారం ఎవరూ రాలేదు. సారు గుండె బాగుపడింది. అసలు గొడవ అప్పుడే మొదలైంది. సుగరున్న అభిమాని ఒకాయన తన ఫోటో తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. తర్వాత మోకాళ్ళ నొప్పులాయన. ఇప్పుడు మా గోడౌన్లో గోడ నిండా దండలు వేసుకున్న బతికున్న మనుషులే. అదంతా అపచారమని నెత్తి బాదుకున్న రెడ్డెప్ప పాస్‌పోర్టు ఫోటో కూడా ఒక మూల దండేసుకుని నవ్వుతోంది.

వాళ్ళందరి నడుమ ఆ మహానుభావుడి ఫోటో ఉంది. ఈసారి అసలైనదే. దానికొక్కదానికీ దండ లేదు. పాపం అనిపించి ఒకరోజు వేయబోతే డేవ్ సారు అడ్డుపడ్డాడు.

"ఆయనకెందుకు సత్యం? ఆయన పోయాడుగా."

అందుచేత, ఈ వ్యాసం చదివే పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి ఫోటోకి దండ వేయాల్సి వచ్చినా, ముందు ఆ మనిషినే కలిసి, "పోయింది మీరేనాండీ" అని మర్యాదగా అడిగి, ఆయన నోటితో ఔనంటేనే వేస్తాను.