నీళ్ల పళ్లెం, దుమ్ము సంచి

చిన్నమ్మీ, నువ్వు పోయావన్న కబురు మిల్లుకు చేరిన పొద్దు జిన్ను మిషన్లన్నీ కాసేపు ఆపారంట. నేను ఆసుపత్రిలో నీ మంచం పక్కనే ఉన్నాను. మన మిషన్ల వరసలో ఆడవాళ్లు తర్వాత చెప్పారు.

చదివేవాళ్లకు చెబుతున్నాను. ఆమె నా కూతురు. ఆదోనిలో పత్తి జిన్నింగు మిల్లులో నా పక్క మిషను మీదే పని చేసేది. కామెర్లు ముదిరి పోయింది. దుమ్మే పొట్టన పెట్టుకుందని కొందరు అంటున్నారు. కాదు. దుమ్ము చేతిలో నా కూతురు ఓడిపోలేదు. అది నలుగురికీ తెలియాలనే రాస్తున్నాను.

పత్తిలోంచి గింజ వేరు చేసే చోట దూది పొగలా లేస్తుంది. రెప్పల మీద, కొప్పులో, రొట్టె మడతలో అంతా అదే. నాకు రొమ్ము పట్టేసి దగ్గు మొదలైంది. సోమవారం మరీ ఎక్కువ. ఆదివారం ఇంటి దగ్గర ఉండి మర్నాడు మిల్లులో అడుగు పెడితే ఊపిరి ఆడేది కాదు. డాక్టరు మిల్లు మానెయ్యమన్నాడు. మానేస్తే నేను బతికేది ఎట్లా?

ఆ ఏడే దుమ్ము లాగే ఫ్యాను పెట్టారు, తోలు పట్టాతో తిరిగేది. రేకు గొట్టంలోంచి దుమ్మును పీల్చి, వెనక గదిలో వేలాడే పొడుగాటి గుడ్డ సంచిలోకి తోస్తుంది. గాలి గుడ్డలోంచి పోతుంది, దుమ్ము లోపల నిలుస్తుంది. కొన్నాళ్లు బాగా లాగింది. తర్వాత లాగడం తగ్గింది. సంచి నిండిపోయింది, దులిపేవాళ్లు లేరు. అది ఎవరి పనీ కాదు మరి. నా కూతురు దాన్ని తన పనిగా చేసుకుంది.

"మేస్త్రీ, పట్టా ఆపు. సంచి దులపాల."

"నీకేం పని లేదా పాపా? ఫ్యాను తిరగతానే ఉండాది కదా."

"తిరగతాండాది, లాగడంలే. మాయమ్మ దగ్గేది ఇనపడల్యా? నీ సెవుల్లోకి గూడా దూది పోయినట్టుండాది!"

వరసంతా నవ్వింది. మేస్త్రీ కూడా నవ్వుకుంటూనే పట్టా ఆపాడు.

అప్పటినుంచి రోజూ అన్నాల వేళకు ముందు ఆమెకు అదే పని. ఫ్యాను రెక్కలు పూర్తిగా నిలిచేదాకా చెయ్యి పెట్టేది కాదు. ముక్కుకు తడిగుడ్డ కట్టుకునేది. సంచి మూతి బిగించి పెరట్లోకి మోసుకుపోయి, గాలికి వీపు పెట్టి నిలబడి, తిరగేసి వేపకట్టెతో కొట్టేది. ఇరుసుకు చుట్టుకున్న దూదిని చిక్కు తీసినట్టు ఓపికగా తీసేది. "నీ తల కంటే ఇదే మేలు మా, పేన్లు లేవు" అని నన్ను ఆటపట్టించేది.

ఆ తర్వాత పరీక్ష. మిల్లులో సగం మంది తింటుంటే సగం మంది మిషన్లు నడిపేవాళ్లం. తినేవాళ్ల మధ్యలో ఒక పళ్లెంలో నీళ్లు పోసి పెట్టేది. మా రొట్టెలు అయ్యేసరికి నీళ్ల మీద దూది తేలితే మళ్లీ పోయి సంచి విప్పేది. తేలకపోతేనే తన రొట్టెల మూట విప్పేది. "నీళ్లు తేటగుంటే తినొచ్చు" అనేది. ఎన్నిసార్లు చెప్పినా తను మాత్రం అందరి వెనకే తినేది.

తప్పు చేసింది నేను. ఆమె గోనెగండ్లకు పెళ్లికి పోయిన రెండు రోజులు సంచి పని నేను చూస్తానన్నాను. దులపడం ఏం శుభ్రం, ఉతికితే కదా అనుకున్నాను. సబ్బు పెట్టి ఉతికాను. అంతటితో ఊరుకున్నానా, పండగ చీరకు పెట్టినట్టు గంజి పెట్టి ఆరేశాను. సంచి అట్టలాగా నిలబడింది. చూడ ముచ్చటగా ఉంది. ఫ్యాను వేయగానే గాలి పోయే దారి లేక, గొట్టం అతుకుల్లోంచి దుమ్మంతా మా మీదికే ఎగదన్నింది. షెడ్డు తెల్లబడిపోయింది. నాకు దగ్గు తెర ఆగలేదు.

"ఈ ఫ్యాను పీకి పారేయండి" అన్నాడు మిల్లు సావుకారు.

నా కూతురు వచ్చి, సంచిని వేలితో తట్టి చూసింది. టకటకమంది.

"మా, దీన్ని పెండ్లికి పంపిద్దామనుకున్యావా?" అని పడీపడీ నవ్వింది. తర్వాత సావుకారు ముందుకు పోయి నిలబడింది.

"తప్పు గుడ్డది సావుకారీ, ఫ్యానుది కాదు. సోమారం దాకా ఆగండి. అప్పటికీ లాగకపోతే నేనే పీకతా."

నా పేరు ఎత్తలేదు.

గంజి వదిలించినా, ఉతుకుకు బిగుసుకున్న నేత మాత్రం వదల్లేదు. ఆదివారం కొత్త గుడ్డ కోసం ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. మగ్గాలాయన ఇంట్లో ఒక్కొక్క తాను పెదవులకు ఆనించి ఊది చూసింది.

"ఏం పాపా, గుడ్డ కొనేకి వచ్చినావా, ముద్దు పెట్టేకి వచ్చినావా?"

"మా మిల్లు దుమ్ముకు సొక్కా కుట్టాలన్నా. గాలి పోవాల, దుమ్ము పోగూడదు."

"ఇట్లాంటి బేరం నేను సూళ్లేదు తల్లీ" అంటూ ఆయన అటక మీది నుంచి గంజి తగలని ముతక తాను దించాడు. ఆమె కొంగున కట్టుకొచ్చిన మిల్లు దుమ్మును అందులో పోసి మూట కట్టి విదిలించింది. కింద చాప మీద ఏమీ రాలలేదు. ఊదితే అవతలి పక్క నా అరచేతికి ఊపిరి తగిలింది.

ఆ సాయంత్రమే సంచి కుట్టింది. సోమవారం వచ్చింది, నా రొమ్ము పట్టే రోజు. నీళ్ల పళ్లెం పెట్టింది. సావుకారు వచ్చి నిలబడ్డాడు. నేను జొన్నరొట్టె, శనక్కాయ పొడి చివరి ముక్క దాకా తిన్నాను. దగ్గు తెర రాలేదు. ఆయన నన్ను చూశాడు, తేటగా ఉన్న నీళ్లను చూశాడు, తన గదికి మళ్లాడు. ఫ్యాను ఉండిపోయింది. నేనూ మిల్లులో ఉండిపోయాను.

దినాలు అయ్యాక మళ్లీ పనికి పోయాను. సంచి నిండి, బరువుకు కిందికి దిగి వేలాడుతోంది. ఎవరికీ ముట్టుకునే మనసు రాలేదంట. "మేస్త్రీ, పట్టా..." అనేలోపే ఆయన ఆపాడు. రెక్కలు నిలిచేదాకా ఆగాను. గాలికి వీపు పెట్టాను. తిరగేసి కొట్టాను. ఇరుసు చిక్కు తీశాను. ఉతకలేదు.

ఆమె పళ్లెంలోనే నీళ్లు పోసి వరస మధ్యలో పెట్టాను. అందరూ తినేదాకా చూస్తూ కూర్చున్నాను. పైకప్పు రేకులు కనబడ్డాయి, నా ముఖం కనబడింది. దూది పోగు ఒక్కటి లేదు. ఆమె పోయినప్పటినుంచి నేను సరిగా తినలేదు. ఆ పొద్దు మూట విప్పాను.

నీళ్లు తేటగా ఉన్నాయి. నేను తిన్నాను. ఇది చదివిన మీరు కూడా కడుపు నిండా తినండి.